తడి పొగ

సీతాఫల్‌మండిలో ఉండే ఎలీనాకు ఏదైనా ఎందుకు జరిగిందో తెలియకపోతే అన్నం సయించదు. లెక్కల టీచరైన తల్లి దేవకృప సైతం ఆ ప్రశ్నలకు విసిగిపోయేది.

ఎంటెక్‌లో ఎలీనా ఎంచుకున్న పని బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆపడం. బొగ్గు కాలాక మిగిలే బూడిదనే కాస్టిక్ సోడాలో ఉడికించి, కంటికి కనపడని రంధ్రాలుండే గుళికలు చేసింది. ల్యాబ్‌లో సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే దాదాపు అంతా పీల్చేశాయి. గైడు జ్ఞానశేఖర్ మురిసిపోయారు.

తర్వాత ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో వాటిని పరీక్షించడానికి అనుమతి దొరికింది. చిమ్నీ దగ్గర గొట్టం తగిలించి, తేమ తీసే చిన్న ఏర్పాటు మీదుగా అసలు పొగను పంపింది. కాసేపు బాగానే నడిచింది. మధ్యాహ్నానికల్లా వచ్చిన గ్యాసు వచ్చినట్టే బయటికి పోసాగింది.

"ల్యాబ్ రిజల్టుతో థీసిస్ రాసెయ్యమ్మా. అబద్ధమైతే కాదుగా," అన్నారు జ్ఞానశేఖర్.

"కాదు సార్. కానీ ఎందుకు ఆగిందో తెల్వకుండ ఎట్ల రాయాలె?"

ఆయన కాదనలేదు. గడువు మాత్రం గుర్తుచేశారు.

ఎలీనా గుళికలను తూచింది. బరువు పెరిగింది. గ్యాసు పట్టనప్పుడు ఈ బరువెక్కడిది? వేడిచేసి చూస్తే గాజు గొట్టం లోపల చెమ్మ పట్టింది. పొగను ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు చాలలేదు. రంధ్రాల్లో చోటంతా ముందు నీళ్ళే ఆక్రమించుకున్నాయి. ఇంకా పెద్ద ఏర్పాటు పెడితే దానికే బోలెడు కరెంటు, ఆ కరెంటుకు మళ్ళీ బొగ్గు.

అప్పుడు నీళ్ళతో కొట్లాట మానేసి, తడి ఉన్నా పనిచేసేదేమిటని వెతకడం షురూ చేసింది. తడిలోనూ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే అమీన్ అనే రసాయనం దొరికింది. దాని వాసన బట్టలను వదిలేది కాదు.

"ఏందే, రాంగోపాల్‌పేట్ చేపల మార్కెట్‌ల చేరినవా?" అంది దేవకృప.

గుళికలకు అమీన్‌ను మందంగా పూస్తే ఆ పూతలు రంధ్రాలనే మూసేశాయి. చివరికి పల్చటి పూత నిలిచింది. అదే థర్మల్ కేంద్రంలో, అదే పొగలో, సాయంత్రం దాకా పనిచేసింది. పట్టింది మాత్రం ల్యాబ్‌లో పట్టిన దాంట్లో సగమే. థీసిస్‌లో రెండు అంకెలూ పక్కపక్కనే రాసింది ఎలీనా. డిగ్రీ వచ్చింది.

"అయితే ఇంక పొగతోని తక్లీఫ్ ఉండదా?" అని అడిగింది తల్లి.

"అంత ఈజీ కాదు మమ్మీ. గుళికలను మళ్ళ వాడాలంటే, పట్టిన గ్యాసును వాటిల్లకెంచి తీసి వేరే దాచాలె, దానికి వేడి కావాలె. ఆ వేడికి ఇంకింత బొగ్గు కాలిస్తే ఏం లాభం?"

"చిమ్నీల పొగ వేడిగనే ఉంటది గదా?"

"ఉంటది. అది సరిపోతదా అన్నదే తెల్వది."

దేవకృప దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కకు జరిపి, కుర్చీని దగ్గరికి లాక్కుంది.

"ఎంత వేడి ఉంటదో చెప్పు. లెక్క వేద్దాం."