ముత్యానికో ముడి

మధ్యాహ్నం రెండున్నర. మే నెల. ఫిలింనగర్ గుట్ట మీద రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. పొద్దున ఆరింటికి తిన్న మూడు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. ప్రొడక్షన్ వాళ్ళ భోజనాల బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుందని గంట నుంచి చెబుతున్నారు. చెక్కలు మోసి మోసి భుజం వాచింది. కాస్త నీడ దొరికితే నడుం వాలుద్దామని సినిమా సెట్టు వెనక్కి వెళ్ళాను. అక్కడ వేపచెట్టు కింద తెల్ల కారొకటి ఆగి ఉంది. డిక్కీ తెరిచి, దాని అంచున ఒకాయన కూర్చున్నాడు. ఒళ్ళో స్టీలు పళ్ళెం పెట్టుకుని, తల వంచుకుని ఏదో ఏరుతున్నాడు.

నా ఆకలికి అవి సగ్గుబియ్యంలా కనిపించాయి.

"ఏందన్నా, పాయసం చేస్తున్నవా?" అన్నాను.

ఆయన నన్ను చూసి, పళ్ళెం చూసి, పకపకా నవ్వాడు. "తింటే పళ్ళూడతాయండీ. ముత్యాలివి. భోంచెయ్యలేదా ఇంకా? రండి, కూర్చోండి."

తన డబ్బాలో మిగిలిన పప్పన్నం, ఆవకాయ ముక్క నా చేతిలో పెట్టాడు. నేను తింటున్నంతసేపూ ఆయన ముత్యాలు ఏరుతూనే ఉన్నాడు.

ఆయన పేరు ఇశ్రాయేలు. ఆ సినిమా తీస్తున్న సీతామహాలక్ష్మి గారి కారు డ్రైవరు. సొంతూరు నర్సాపురం దగ్గర. ఇరవై ఏళ్ళ కిందట వచ్చి, భార్య ఫిలోమినాతో యూసుఫ్‌గూడలో ఒక గదిలో ఉంటున్నాడు. నేనేమో ఆరో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి బరువులు తప్ప ఇంకేమీ తెలియనివాణ్ణి. ఆ సెట్టులో వడ్రంగుల దగ్గర కూలీని. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆ చెట్టు కిందికి వెళ్ళడం అలవాటైంది.

డ్రైవర్ పనిలో నడపడం తక్కువ, కాచుకోవడం ఎక్కువ. మిగతా డ్రైవర్లు నిద్రపోతారు, ఫోన్లు చూస్తారు, పేకాడతారు. ఇశ్రాయేలు దండలు గుచ్చుతాడు. సెలవు దొరికినప్పుడు పత్తర్‌గట్టి వెళ్ళి, దుకాణాల వాళ్ళు పక్కన పడేసిన ముత్యాలు తెచ్చుకుంటాడు. వంకరవి, మచ్చ ఉన్నవి, బియ్యపు గింజల్లాంటివి. వాటికి గాజు పూసలు, రంగురాళ్ళు కలుపుతాడు. మనం పారేసే ముత్యాన్ని తిప్పి తిప్పి చూసి, దాని మచ్చ లోపలికి వచ్చేలా, నిగనిగలాడే వైపు బయటికి వచ్చేలా సర్దుతాడు. ఆయన చేతిలో పడ్డాక ఏది వంకరో ఏది గుండ్రమో నేను చెప్పలేకపోయేవాణ్ణి.

ఒక ముత్యం గుచ్చగానే ఒక ముడి. మళ్ళీ ముత్యం, మళ్ళీ ముడి. సూదిమొనతో ముడిని ముత్యం దాకా తోసి బిగిస్తాడు. ఆ ముడి కంటికి ఆనదు.

"గన్ని ముడులెందుకే అన్నా? ఒక్కసారి గుచ్చి కొసకు కడ్తే అయిపాయె కదా?" అని ఒకసారి అడిగాను.

"పన్నెండేళ్ళ కిందట ఎర్రగడ్డలో బస్సు ఎక్కుతుంటే మా ఆవిడ మెళ్ళో పూసలదండ తెగింది పోచయ్యా. వాళ్ళమ్మ పెట్టింది. పూసలన్నీ జనం కాళ్ళ కింద దొర్లిపోయాయి. బస్సు ఆపరు కదా. పిడికెడు దొరికాయి, మిగతావి పోయాయి. ఇంటికెళ్ళి నేనే గుచ్చడం మొదలెట్టాను. పత్తర్‌గట్టిలో ఒక ముసలాయన ఈ ముడి నేర్పాడు. ఇలా వేస్తే దారం ఎక్కడ తెగినా పోయేది ఒక్కటే. మిగతావి దారం మీదే ఉంటాయి."

మేకప్ వ్యాను నడిపే బన్నీ అటు వచ్చినప్పుడల్లా ఒక మాట విసిరేవాడు. "ఏం ఇశ్రాయేలన్నా, పూసలైనయ్, గాజులెప్పుడు?"

"నీ చెయ్యి కొలత ఇవ్వరా, రేపే తెస్తాను," అనేవాడు ఈయన. తల కూడా ఎత్తేవాడు కాదు.

ఆయన గుచ్చే తీరులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. దండకంటే ముందు మనిషిని చూస్తాడు. సెట్టు ఊడ్చే కొమురమ్మకు ఒకటి చేసిచ్చాడు. అది మెడకు అంటుకుని, పొట్టిగా ఉంది.

"గింత పొట్టిగ చేసినవేంది సారూ? దారం తక్కువ పడ్డదా?" అంది కొమురమ్మ.

"రోజంతా వంగి ఊడుస్తావు కదమ్మా. పొడుగైతే చీపురుకి చిక్కుకుంటుంది."

కొమురమ్మ వంగి చూసింది, లేచి చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ దండ లేకుండా ఆమెను మళ్ళీ నేను చూడలేదు.

ఇంకో రోజు నన్ను అడిగాడు. "మీ ఆవిడ మెడ ఎలా ఉంటుంది?"

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. పొట్టా, పొడుగా, సన్నమా, ఏదీ తోచలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆమె బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

"ఏంది గట్ల చూస్తున్నవ్?" అంది.

"మెడ చూస్తున్న."

"ఎందుకు? పిసుకుతవా?"

చెవి కింద నూనె చిట్లి కాలిన మచ్చ ఉంది. పుస్తెల తాడు ఒరుసుకుని నల్లటి గీత పడింది. రెండూ చెప్పాను ఇశ్రాయేలుకు. వారం తర్వాత సన్న ముత్యాలకు మధ్యమధ్య ఆకుపచ్చ పూసలు వేసి రెండు పేటల దండ ఇచ్చాడు. పుస్తెల తాడుకు పైన నిలబడేలా, రెండూ చిక్కుపడకుండా కొలత వేశాడు. మా ఆవిడ అద్దం ముందు నిలబడ్డ సేపట్లో అన్నం మాడింది.

కాస్ట్యూమ్స్‌లో పనిచేసే ప్రణతి అనే అమ్మాయి అది తెలిసి వచ్చింది. "అంకుల్, నాకు కూడా ఒకటి అమ్మండి ప్లీజ్."

"అమ్మనమ్మా. బుద్ధి పుట్టినప్పుడు గుచ్చి ఊరికే ఇస్తాను."

"ఎప్పుడు పుడుతుంది?"

"అది నాక్కూడా చెప్పి రాదు."

ఆ పిల్ల మూతి తిప్పుకుని వెళ్ళాక, అమ్మితే ఏం పోతుందని అడిగాను. సూది పక్కన పెట్టి చెప్పాడు.

"కారు మేడంగారిది. పెట్రోలు ఆవిడది. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో, ఎంతసేపు కాచుకోవాలో అన్నీ ఆవిడే చెప్తారు. అది ఉద్యోగం, నాకేం బాధ లేదు. కానీ ఈ దారం మీద ఏ పూస తర్వాత ఏ పూస రావాలో చెప్పేది నేనొక్కణ్ణే. అమ్మడం మొదలెడితే ఇదీ వేరేవాళ్ళు చెప్తారు. ఇంక నాకంటూ ఏం మిగులుద్ది పోచయ్యా?"

జూన్ మొదట్లో ఆ సినిమాలో పెద్ద సీను పెట్టారు. పాతకాలం మేడ సెట్టు, నడుమ మెట్లు. ఆ మెట్లు మేము కట్టినవే. తమ్ముడు కోపంతో అక్క మెడలో దండ తెంపాలి, ముత్యాలు మెట్ల మీదుగా కిందికి దొర్లాలి. బజారులో కొన్న దండ ప్లాస్టిక్ దారంది. లాగితే తెగలేదు సరికదా, ఆర్టిస్టు మెడ మీద ఎర్రగా గీత పడింది. అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు ప్రణతి నోరు జారింది. "మేడం, మన డ్రైవర్ అంకుల్ ముత్యాలు గుచ్చుతారు."

"మన ఇశ్రాయేలా?" అన్నారు సీతామహాలక్ష్మి గారు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం? పిలవండి."

ఆయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రెండు గంటల్లో కావాలి. లాగితే తెగాలి. అంతే," అన్నారావిడ. "సరేనండి," అన్నాడు. అంతమందిలో ఇంకేమంటాడు?

సన్నటి పట్టుదారం తీసుకున్నాడు. లాగగానే తెగేంత సన్నం. మెట్ల పక్కన కూర్చుని గుచ్చుతుంటే దారం రెండో కొస నేను పట్టుకున్నాను. నూట నలభై ముత్యాలు. ఆయన వేళ్ళు కదలడమే తెలుస్తోంది, ఏం చేస్తున్నాయో తెలియడం లేదు. రెండు గంటలు కాకముందే దండ ఆర్టిస్టు మెళ్ళో పడింది.

కెమెరా తిరిగింది. తమ్ముడు వేషగాడు దండ పట్టుకుని లాగాడు. దారం చక్కగా తెగింది. ఒక్క ముత్యం మాత్రం టక్, టక్, టక్ అని మెట్లన్నీ దిగి, కెమెరా ముందుకొచ్చి ఆగింది. మిగతా దండంతా అతని చేతిలో తోకలా వేలాడుతోంది.

ఎక్కడో వెనక బన్నీ నవ్వు వినిపించింది.

"ఏంటండీ ఇది!" అన్నాడు డైరెక్టరు. "వాన కురవాలంటే చినుకు పడిందేంటి?"

ఇశ్రాయేలు వచ్చి ఆ ఒక్క ముత్యం ఏరుకున్నాడు. "తప్పయిందండీ. ముడేశాను. చేతులు వాటంతటవే వేసేశాయి."

పక్కనే కూర్చుని, రెండు గంటలు దారం పట్టుకుని కూడా నాకు స్ఫురించలేదు. ముడి వేయకుండా ఆయన గుచ్చడం నేను ఎప్పుడూ చూడలేదు మరి.

"ముడి ఎందుకయ్యా?"

"తెగినా పోకూడదని అండీ."

డైరెక్టరు ఒక్క క్షణం ఆయన వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇక్కడ పోవాలయ్యా. పోతేనే షాటు."

ఇశ్రాయేలు చిన్న కత్తెరతో ఒక్కో ముడీ కత్తిరించాడు. ఈసారి ముడి లేకుండా గుచ్చాడు. ప్రతి ముత్యానికీ వేళ్ళు ముడి కోసం వంగేవి, ఆయన వాటిని ఆపుకునేవాడు. ముడితో గుచ్చినప్పటికంటే ఇలా గుచ్చడానికే ఎక్కువ కష్టపడ్డాడు. లాగారు. ముత్యాలు జలజలా దొర్లాయి. సెట్టంతా చప్పట్లు. కానీ లైటు సరిగా పడలేదన్నారు. మళ్ళీ. ఆర్టిస్టు కన్ను ఆర్పిందన్నారు. మళ్ళీ. ప్రతిసారీ నేను, కొమురమ్మ మోకాళ్ళ మీద పాకి ఏరడం, ఆయన గుచ్చడం, వాళ్ళు తెంపడం. అలా ఐదుసార్లు. ఇశ్రాయేలు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. అంత పనిమంతుణ్ణి ఆ సెట్టులో ఇంకొకణ్ణి నేను చూడలేదు. కాకపోతే ఐదోసారి లాగేటప్పుడు ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మేడంగారికి మాత్రం ఆయన కొత్తగా కనిపించాడు. మర్నాడే పిలిచారు. ఆవిడ కూతురు గీతిక జూబ్లీహిల్స్‌లో నగల దుకాణం తెరుస్తోంది. సోమవారం నుంచి కారు వద్దు, దుకాణంలో కూర్చుని దండలు గుచ్చు, జీతం పెంచుతాను అన్నారు.

"నీదే లక్కు అన్నా," అన్నాడు బన్నీ, ఈసారి నవ్వకుండా. "ఏసీల కూసునుడు, ఎండ లేదు, హారన్ లేదు. నన్ను గూడ జర తీస్కపోరాదూ."

ఇశ్రాయేలు నవ్వాడు.

సెట్టు విప్పేశాక మా మేస్త్రీకి ఆ దుకాణంలోనే అరలు బిగించే పని దొరికింది. అలా అక్కడ మళ్ళీ కలిశాం. అద్దాల గదిలో తెల్ల బల్ల, దాని మీద దీపం, దీపం కింద ఇశ్రాయేలు తల. గీతిక ఫోన్లో ఫోటో చూపించి, "ఎగ్జాక్ట్‌గా ఇలాగే. ఈ సైజు, ఈ గ్యాప్," అనేది. మంచి పిల్లే, గట్టిగా ఒక మాట అనలేదు. ఆయన ఎగ్జాక్ట్‌గా అలాగే గుచ్చేవాడు. ముత్యాలన్నీ గుండ్రంగా, ఒక్క కొలతలో, మచ్చ లేకుండా వచ్చేవి. ఆ దండలు ఎవరి మెడకో ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం మెట్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆయన చేతులు ఖాళీగా ఉండేవి.

"నీది ఏం గుచ్చుతలేవా అన్నా?"

"ఇంటికెళ్ళాక దారం ముట్టుకోబుద్ధి కావట్లేదు. ఫిలోమినా అడిగింది, ఏంటి జ్వరమా అని." డబ్బా మూత బిగించాడు. "కారు మళ్ళీ ఇప్పించమని మేడంగారిని అడిగాను. పైకి తీసుకొస్తుంటే కిందికి పోతానంటావేంటి, పిచ్చా అన్నారు. కొత్త డ్రైవరు కూడా వచ్చేశాడంట."

"మరేం చేస్తవ్?"

"పద, నీ మేస్త్రీ అరుస్తాడు," అన్నాడు.

గురువారం పొద్దున నేను నిచ్చెన మీద ఉన్నాను. నోట్లో స్క్రూలు, రెండు చేతుల్తో పై అర పట్టుకుని ఉన్నాను. ఇశ్రాయేలు చేతిలో ఉన్న దండ పూర్తిచేసి, కొక్కెం బిగించి, వెల్వెట్ బొమ్మ మెడకు తొడిగాడు. బల్ల మీది ముత్యాలను కొలతల వారీగా డబ్బాల్లో పోసి మూతలు పెట్టాడు. దీపం ఆర్పాడు. గది తాళంచెవి గీతిక బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. నా కింది నుంచే వెళ్ళాడు. టీకి వెళ్తున్నాడనుకున్నాను.

పన్నెండింటికి గీతిక అడిగింది. "ఇశ్రాయేలు గారేరి?"

"చాయ్‌కి పోయిండనుకుంట మేడం."

సాయంత్రం పని దిగి యూసుఫ్‌గూడ వెళ్ళాను. వాళ్ళ గదికి తాళం. పక్కగది ఆమె గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఖాళీ చేసిండ్రు. పగటిపూట ఆటో ట్రాలీ వచ్చింది, సామానంత ఎక్కిచ్చుకొని పోయిండ్రు," అంది.

"ఎవరి ట్రాలీ?"

"ఎవరిదో ఏమో. నడుపుకొంట వచ్చింది మాత్రం ఆయనే. పెండ్లాం పక్కన కూసుంది."

"ఎటు పోతుండ్రో అడగలేదా?"

"అడిగిన. హారన్ కొట్టి నవ్విండు, గంతే."