పిన్నిగారి కంద

మా పక్కింటి పిన్నిగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను అచ్యుతాపురం నుంచి కంపెనీ బస్సులో వస్తున్నాను. రోజంతా నిలబడి చేసిన డ్యూటీ. ఏడవడానికి కూడా ఓపిక లేదు. గాజువాకలో దిగి ఆటో కోసం నిలబడ్డాక వచ్చింది ఏడుపు.

ఆవిడది కోనసీమ. భర్తకు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చి కాపురానికి వస్తూ, అత్తగారు పెరట్లో తవ్వి ఇచ్చిన కంద దుంపను చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నారట. ముందు క్వార్టరు పెరట్లో, ఆయన రిటైరయ్యాక మా పక్క డాబా మీద పెయింటు డబ్బాల్లో పెంచారు. పొద్దున్నే తడిగుడ్డతో ఆకుల మీద నల్లదుమ్ము తుడిచేవారు. మా శ్రీకాకుళం వైపు పిల్లలకు కూడా ఇంత ముద్దు జరగదని మా అమ్మ నవ్వేది.

కందకు కన్ను ఉంటుందని మీలో ఎంతమందికి తెలుసో. మొలక వచ్చేది అక్కడినుంచే. వండే రోజు పిన్నిగారు ఆ కన్నున్న ముక్కను ముందు కోసి, మట్టిలో పెట్టి, అప్పుడే పొయ్యి వెలిగించేవారు.

"కూర మనది. కన్ను మా అత్తగారిది. ఆవిడది కూడా మనమే తినేస్తే ఎలాగే?" అనేవారు నాతో.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర గిన్నెలో మూతపెట్టి కూర ఉండేది. అది తిని పడుకున్న రోజులు ఎన్నో. నాకూ ఒక కన్ను ఇచ్చారు. నీళ్లు పోయక ఎండబెట్టేశాను. అడిగితే బాగానే ఉందని అబద్ధం చెప్పాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

పెద్దకర్మకు అమ్మకిష్టమైన కందబచ్చలి పెట్టాలని వాళ్లబ్బాయి డబ్బాలన్నీ బోర్లించాడు. ప్రేమతోనే. చాలక బజారు కంద కూడా కలిపారు. కన్ను తీసి ఉంచమని చెప్పాల్సిన మనిషిని నేనే. డ్యూటీ దిగి నేరుగా వచ్చి కుర్చీలో కునుకు తీశాను. లేచేసరికి కూర ఉడుకుతోంది.

తొక్కల బకెట్లో చేతులు పెట్టి వెతుకుతుంటే వంటామె చూసింది.

"సెత్తలో ఏటమ్మా ఎతుకుతన్నారు?"

కన్ను అన్నాను.

"కోసి పారీసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఏది మీదో, ఏది బజారుదో నాకేటి తెల్సు?"

నాకూ తెలియలేదు. కన్నున్న ముక్కలు ఏడు దొరికాయి. ఏడూ కొంగులో వేసుకుని డాబా ఎక్కి, బోర్లించిన మట్టి మళ్లీ ఎత్తి ఏడు డబ్బాల్లో పూడ్చాను. కింద భోజనానికి పిలుస్తున్నారు. మోచేతుల దాకా ఒకటే దురద. కడుక్కోవాలనిపించలేదు. గోక్కుంటూ ఆ డబ్బాల మధ్యే కూర్చుండిపోయాను.