అడవి చర్చిలోంచి మమ్మల్ని బయటికి పిలిచిన పాట

దయ్యాలు, మహిమలు అంటే నాకు ఆనాడూ నమ్మకం లేదు, ఈనాడూ లేదు. సివిల్ ఇంజనీరుని. గోడ పడిందంటే పునాది తవ్వి చూసే రకం. అయినా ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఎనభైల చివర్లో, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న చర్చిని చూసి రమ్మని బిషప్ గారి ఆఫీసు నన్ను పంపింది. బాగు చేయించవచ్చో, పడగొట్టి కొత్తది కట్టాలో నేను తేల్చి రాయాలి.

చూడగానే మనసు పారేసుకున్నాను. నల్లరాయి, గానుగ సున్నం, టేకు దూలాలు, పైన నాటు పెంకులు. కిటికీలు మాత్రం దొరల పద్ధతిలో పైకి కొనదేలి ఉన్నాయి. ముందు వసారా, రాతి అరుగులు. దొరల గుడికి మన పెంకుటిల్లు తోడైనట్టుంది. గోదావరి మీద పడవలో వచ్చిన ఒక దొర నమూనా గీస్తే ఊరివాళ్ళే పెంకులు కాల్చి కట్టారట.

"మా తాతలు నెత్తిన మోసిన రాళ్ళు సారూ. పడగొట్టుమని మాత్రం రాయకుండ్రి," అన్నారు అక్కడి పాస్టరు దానియేలు అయ్యగారు.

లోపల, పాస్టరు నిలబడి ప్రార్థన చేయించే ఆల్టరు వెనక గోడకు పెద్ద పగులుంది. మర్నాడు పొద్దున మేస్త్రి కొమరయ్య, ఇద్దరు కోయ కూలీలు, అయ్యగారు, నేను ఆ గోడ దగ్గర నిలబడి గార ఒలిచి చూస్తున్నాం.

బయటినుంచి పాట వినిపించింది. చాలామంది కలిసి పాడుతున్నారు. ఎంత హుషారుగా అంటే, కాళ్ళు నిలవలేదు.

"ఏంది గిది, పెండ్లి గిట్ల వచ్చిందా?" అంటూ కొమరయ్య తాపీ పడేసి ఉరికాడు. నవ్వుకుంటూ అందరం వెనకే పరుగెత్తాం.

బయట ఎవరూ లేరు. పాట ఆగిపోయింది. ఇప్పచెట్ల మీద ఎండ, అంతే.

"ఎటు పోయిన్రు?" అని కొమరయ్య అంటుండగానే వెనక పెళపెళమని చప్పుడు. గోడ లోపలికి కూలింది. మేం నిలబడ్డ చోట నడుమెత్తు రాళ్ళ కుప్ప!

దుమ్ము అణగకముందే అందరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం.

"నాటేసేటప్పుడు మా అమ్మ పాడేది సారూ, గదే పాట!" అన్నాడు కొమరయ్య.

"నాట్ల పాటేంది? క్రిస్మస్ కీర్తన కదా!" అన్నారు అయ్యగారు.

కూలీలు విన్నది కోయ మాటల్లో పెళ్ళి పాట. నేను విన్నది, చిన్నప్పుడు సత్తుపల్లి బడిలో మేం పాడిన ప్రార్థన.

ఆ ఊళ్ళో మైకు లేదు. అసలు కరెంటే లేదు. తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. ఎవరూ మాట మార్చలేదు.

"ఇగ పడగొట్టుడేనా సారూ?" అయ్యగారు రాళ్ళ మీద కూలబడి అడిగారు.

కప్పు బరువంతా పక్కగోడల మీదే ఉంది. అవి గట్టిగా ఉన్నాయి. వాననీరు దిగి సున్నం పొడైన గోడ ఒక్కటే పడింది. బాగు చేయిస్తే చాలని రాశాను. పడిన రాళ్ళతోనే గోడ మళ్ళీ లేపారు.

బాగు చేశాక జరిగిన మొదటి ఆరాధనకు కొమరయ్య, నేను కూడా వెళ్ళాం. జనం గొంతెత్తి పాడుతుంటే చర్చి మారుమోగిపోయింది. కొమరయ్య చాలాసేపు చెవి ఒగ్గి విని, నా వైపు వంగాడు.

"గానాటి గొంతులు గివి కావు సారూ."

నిజమే, కావు. మరి ఎవరివో ఇన్నేళ్ళయినా నాకు అంతుచిక్కలేదు.