రెండు కాదు, మూడు నిమిషాలు

మా పాతబస్తీ గౌలిపురలో రెండు నిమిషాలంటే ఎంతసేపో చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. "దో మినట్ భాయ్" అంటే చాయ్ హోటల్లో పావుగంట, టైలర్ దగ్గర రెండు రోజులు. మా బాపు దగ్గరైతే ఆ పూటలో ఎప్పుడో ఒకప్పుడు. బాపుది పాల వ్యాపారం. పొద్దున్నే బర్రెల పాలు పిండి, క్యాన్లు బండికి తగిలించుకుని, "దో మినట్ల వస్త బిడ్డా" అని బయల్దేరితే ఎండెక్కాక తిరిగొచ్చేవాడు. అందులో అబద్ధమేమీ లేదు, మా పేటలో కాలాన్ని అలాగే కొలుస్తారు. నేనూ ఆ కొలతనే వెంటబెట్టుకుని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగంలో చేరాను.

పని ఊరవతల విమానాశ్రయంలో, టవర్ పైన అద్దాల గదిలో. ఏ విమానం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో మైకులో చెప్పాలి. కొత్తవాళ్ల పక్కన ఒక సీనియర్ కూర్చుని, మన మాట తప్పయితే వెంటనే తన మైకుతో సరిదిద్దుతారు. నాకు పని నేర్పిన మేడమ్‌ది కార్వాన్ పేట. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉండేది.

"పెద్ద విమానం లేసి పోయినంక రన్‌వే ఖాళీగ కనబడ్తది," అని మొదటి వారంలోనే చెప్పారు. "ఖాళీ గాదు. దాని రెక్కల కొసలకెల్లి రెండు గాలి సుడులు లేస్తయ్. కండ్లకు కనబడయ్. ఎనకొచ్చే చిన్న విమానం దాంట్ల పడ్డదనుకో, ఒక రెక్క మీదికి, ఒక రెక్క కిందికి. పైలట్ ఎంత తిప్పినా మాటినదు. నేలకు దగ్గరుంటడు, సంభాళించుకునే ఎత్తు ఏడుంటది?"

నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో అమ్మ మజ్జిగ చిలికి కవ్వం బయటికి తీసేశాక కూడా కుండలో మజ్జిగ తిరుగుతూనే ఉంటుంది. విమానం ఎంత బరువైతే సుడికి అంత బలం. అది మెల్లగా కిందికి దిగుతుంది, నేల దగ్గర పక్కలకు పాకుతుంది. గాలి వీస్తే చెదిరిపోతుంది, గాలి స్తంభించిన రోజు అక్కడే మొండికేసి కూర్చుంటుంది.

పైలట్లకు తప్పించుకునే దారులు తెలుసు. ముందు వెళ్లిన పెద్ద విమానం నేల వదిలిన చోటు రాకముందే తాము లేచిపోతారు, దాని దారికి పైపైనే ఎగురుతారు. దిగేటప్పుడు అది నేల తాకిన చోటు దాటాకే దిగుతారు. వీటన్నిటికీ ముందు, ఆగుతారు. ఎంతసేపు ఆగాలో చూసుకోవలసింది మేము. మామూలుగా ముందుది నేల వదిలాక రెండు నిమిషాలకు వెనకది నేల వదలాలి.

ఆ రెండు నిమిషాల దగ్గరే నా కొంప మునిగింది.

ఒంటరిగా మైకు పట్టుకోవాలంటే అధికారుల బోర్డు ముందు పరీక్ష పాసవ్వాలి. నిజం విమానాలతోనే పరీక్ష. ఇద్దరు పెద్దలు వెనక నిలబడి చూస్తుంటారు. నా మొదటి పరీక్షలో ఒక పెద్ద విమానం గంట దాటిన పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లకు లేచింది. నేను కాగితం మీద పద్నాలుగు అని మాత్రమే రాసుకున్నాను. వెనకది పదహారుకు లేస్తే రెండు నిమిషాలైనట్టే అనుకుని అనుమతి ఇచ్చేశాను. నిజానికి మధ్యలో ఉండేది నిమిషం పది సెకన్లు. మేడమ్ చటుక్కున తన మైకు నొక్కి ఆ విమానాన్ని కదలకుండా ఆపేశారు.

బోర్డులో పెద్దాయన నా కాగితం ఎత్తి చూశారు. "సెకన్లు ఏవమ్మా?"

మా పేటలో సెకన్లు ఎవరు రాస్తారు? సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇంకొక్క మౌకా ఉన్నది," అన్నారు మేడమ్ మెట్లు దిగుతుంటే. "గది గూడ పోతే టవర్ ఎక్కనియ్యరు. కింద ఫైళ్ల సెక్షన్ల కూసుంటవ్, జిందగీ అంత."

ఆ రోజు నుంచి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని తిరిగాను. ఎవరు దో మినట్ అన్నా మీట నొక్కేదాన్ని. చాయ్ హోటలతను పదకొండు నిమిషాలు, ఆటో అన్న పందొమ్మిది. బాపు రికార్డు గంటా ఏడు నిమిషాలు. తిరిగొచ్చిన మనిషికి ఫోన్ చూపిస్తే మండిపడ్డాడు.

"విమానాల లొల్లి ఇంట్లకెందుకు తెచ్చినవే? నేనేమన్న గాల్లెకెల్లి వస్తున్ననా?"

"నువ్వు రోడ్డు మీదికెల్లే వస్తున్నవ్ బాపూ. నా నౌకరీ గాల్లున్నది," అన్నాను. ఆయనకు కోపమొచ్చింది, నాకు నవ్వొచ్చింది. కానీ నెల తిరిగేసరికి గడియారం చూడకుండానే రెండు నిమిషాలు ఎంతో ఒంటికి తెలిసిపోయేది.

రెండో పరీక్ష చలికాలం పొద్దున పడింది. రన్‌వే మీద పలచగా పొగమంచు, గాలి బొత్తిగా లేదు. సీట్ల మధ్య రెండు నడవాలున్న పెద్ద విమానం ఒకటి రన్‌వే మొదటి కొస నుంచి పరుగెత్తి లేచింది. ఈసారి సెకన్లతో సహా రాసుకున్నాను. తరువాత వెళ్లాల్సింది రాజమండ్రి పోయే ప్రొపెల్లర్ విమానం. అప్పటికే ఆలస్యమైనట్టుంది, కెప్టెన్ తొందరలో ఉన్నాడు. రన్‌వే కొస దాకా రాలేను, మధ్యలో కలిసే దారి నుంచే రన్‌వే ఎక్కి లేస్తానన్నాడు. అలా అడగడం మామూలే, సరేనన్నాను.

అయితే మధ్య నుంచి బయల్దేరేవాడు నేల వదిలేసరికి పెద్దది లేచిన చోటు దాటిపోతాడు. అంటే నేరుగా సుడి ఉన్న చోటికే వెళ్తాడు. అందుకే అప్పుడు ఆగవలసింది రెండు నిమిషాలు కాదు, మూడు. ఆ మాటే చెప్పాను.

కెప్టెన్ ఊరుకోలేదు. ముందు విమానం కనబడకుండా పోయింది, ఆకాశం ఖాళీగా ఉంది, ఎడమకు తొందరగా తిరిగిపోతాను, ఏదైనా అయితే బాధ్యత నాది అన్నాడు. మర్యాదగానే అన్నాడు గానీ గొంతులో విసుగు దాచుకోలేదు. వాడి వెనక ఇంకో మూడు విమానాలు వరుస కట్టాయి. నా వెనక బోర్డు వాళ్ల పెన్నులు కాగితం మీద గీస్తున్న చప్పుడు వినబడుతోంది. నయాపూల్ మీద సిగ్నల్ పచ్చ కాకముందే హారన్లు కొట్టేవాళ్ల మధ్య పెరిగినదాన్ని, నన్నెవరూ తొందరపెట్టలేరని అనుకునేదాన్ని. కానీ ఆ క్షణంలో మైకు మీట మీద వేలు పెట్టి తటపటాయించాను. ఆపితే చేతకానిదంటారేమో, పంపితే తప్పంటారేమో.

"కుదరదు. అక్కడే ఆగండి," అన్నాను.

రెండు నిమిషాలు దాటి కొన్ని సెకన్లయింది. పెద్దది లేచిన చోట పొగమంచు ఉన్నట్టుండి కదిలింది. మొదట ఒక పాయ పైకి లేచింది, తరువాత మొత్తం గుండ్రంగా చుట్టుకుంటూ రన్‌వే అడ్డంగా దొర్లింది. గాలి ఆకు కదలనంత నెమ్మదిగా ఉన్న పొద్దున, ఎవరూ లేని చోట. గదిలో పెన్నుల చప్పుడు ఆగిపోయింది.

రేడియోలో కెప్టెన్ గొంతు మారిపోయింది. "టవర్, మేమూ చూశాం. మీరు చెప్పేదాకా ఇక్కడే ఉంటాం."

మూడు నిమిషాలు నిండాక నేల వదిలేటట్టు లెక్క చూసి పంపాను. ప్రొపెల్లర్ విమానం ఏ కుదుపూ లేకుండా లేచి, మంచు పైకెక్కి, ఎడమకు తిరిగిపోయింది. దాని వెనక వరుసలో ఉన్న మూడింటినీ ఒక్కొక్కటిగా పంపేశాను. నా గొంతు నాకే కొత్తగా, నిబ్బరంగా వినిపించింది.

షిఫ్టు అయ్యాక పెద్దాయన ఒక్కటే ప్రశ్న అడిగారు. "మంచు లేకపోయి ఉంటే? ఏమీ కనబడకపోయి ఉంటే?"

"అప్పుడూ మూడే సార్."

ఆయన సంతకం పెట్టారు. మేడమ్ నన్ను పొగడలేదు, వీపు మీద ఒక్కటి చరిచారు. అది మూడు రోజులు నొప్పి పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు గల్లీ మొదట్లో క్యాన్లు కడుగుతున్నాడు. పాసైనానని చెప్పగానే తడి చేతులతోనే నా తల పట్టుకుని ఊపేశాడు. గల్లీ అంతటికీ వినబడేలా, "మా బిడ్డ విమానాలను ఆపుతది!" అని కేకేశాడు.

"ఆపుడేంది అన్నా, నడపదా?" అన్నాడు ఎదురింటి ఆయన వెటకారంగా.

"నడిపెటోళ్లు మస్తుమంది ఉన్నరు భాయ్. గంత పెద్ద విమానం ఉరుకుతనంటె ఆగుమని చెప్పెటోళ్లు ఎందరున్నరు?"

నేను పడీ పడీ నవ్వాను, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అప్పటికి ఆ రాజమండ్రి విమానంలోని వాళ్లంతా ఎవరి ఇళ్లకు వాళ్లు చేరిపోయి ఉంటారు. పొద్దున్న ఎవరో ఊరికే రన్‌వే పక్కన నిలబెట్టేశారని ఇంట్లోవాళ్ల దగ్గర నన్ను తిడుతూ కూడా ఉంటారు. తిట్టుకోనీ. కడుపునిండా తిని, ఇంట్లో కూర్చుని, తీరిగ్గా తిట్టుకోనీ.