కట్టుడు పళ్లతో చెప్పిన మాట

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ప్రొద్దుటూరులో మా ఇంటి వీధి గదిని చీనా దేశపు పళ్ల వైద్యుడొకాయన అద్దెకు తీసుకున్నాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. నోరు తెరిచి, పన్ను మీద వేలు పెట్టి, ముఖం చిట్లించి, ఆ తర్వాత హాయిగా నవ్వి చూపించేవాడు. అదే ఆయన ప్రచారం. భాష రాని ఊళ్లో కొట్టు తెరవడానికి ఎంత గుండె కావాలో మా వీధిలో ఎవరికీ పట్టలేదు. మీసాలొచ్చిన మగవాళ్లు కూడా గడప ముందు నిలబడి ఆయనలాగే నోళ్లు తెరిచి వెక్కిరించారు.

మొదట ఆయన దగ్గర కూర్చున్నది మా నాయన. బడిలో తెలుగు అయ్యవారు. ముందు పళ్లు ఊడిపోయి, పద్యం చదవబోతే గాలి తప్ప అక్షరం వచ్చేది కాదు. తరగతి నవ్వుతుంటే దిగమింగుకుని ఇంటికొచ్చేవాడు. కట్టుడు పళ్లు పెట్టించుకున్న సాయంత్రం వసారాలో పద్యం మీద పద్యం చదువుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆ సంగతి పాకి జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి జనం బస్సులెక్కి వచ్చారు.

చిక్కంతా గాజు సీసాతో వచ్చింది. పీకిన పళ్లను శుభ్రంగా కడిగి, అందులో వేసి గడప పక్కన పెట్టాడు. తన చేతి పనితనం చెప్పుకోవడానికి పాపం వేరే దారేముంది? మా వైపు ఊడిన పన్నును పేడలో చుట్టి మిద్దె మీదికి విసిరేస్తాం. వెంట్రుకైనా గోరైనా పరాయివాళ్ల చేతిలో ఉండనివ్వం. చేతబడి భయం. సీసా తీసెయ్యమని నేను చేతులూపి చూపించాను. నాకు నచ్చిందనుకుని, దాన్ని తుడిచి ఇంకాస్త ముందుకు జరిపాడు.

పులివెందుల నుంచి వచ్చి పన్ను పీకించుకున్న ఒకామెకు జ్వరమొచ్చింది. ఆమె భర్త పదిమందిని వెంటేసుకుని దిగాడు.

"ఏంది అయ్యవారూ, మా పండ్లు సీసాలో బెట్టుకుని ఏం జేస్తాండాడు వాడు? మీరే ఎల్లగొట్టండి."

నాకు ఒళ్లు మండింది. "ఆయప్పకు మన పద్ధతి తెలీదు మామా. ఆ సీసా నేనే తీసి పారేస్తా," అన్నాను.

"తెలీనోడు ఈడికెందుకు వచ్చినాడు?"

"నాయనా, నువ్వన్నా చెప్పు," అని నాయన వైపు తిరిగాను.

"గమ్మునుండు. ఊరితో పెట్టుకుని ఈడ బతకగలమా?" అన్నాడు నాయన.

నేరుగా ఆ గదిలోకి వెళ్లాడు. "రేపటికి గది ఖాళీ చెయ్యాల," అన్నాడు. వైద్యుడికి అర్థం కాలేదు. నాయన మళ్లీ, పాఠం చెప్పినట్టు, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. ఆయన మాత్రం నాయన నోటికేసే చూస్తున్నాడు. పళ్లకేదో అయిందనుకున్నట్టున్నాడు. నాయనను వెలుతురులోకి తీసుకెళ్లి, బొటనవేలితో ముందు పన్ను నొక్కి చూశాడు. కదల్లేదు. సంతోషంగా నవ్వి, నాయన భుజం తట్టాడు.

అప్పుడు నాయన మూలనున్న ఆయన పెట్టెను చూపించి, తర్వాత వీధి చూపించాడు. ఆ నవ్వు ఆగిపోయింది.

మరుసటి రోజు ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రం నాయన వసారాలో కూర్చుని ఎప్పటిలాగే పద్యం ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం పోలేదు. నేను లోపల తలుపు వేసుకున్నాను. నాయన బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆయన నోట పద్యం వినలేదు.