పలకల కింద పుట్ట

తొండియార్‌పేటలో మా వీధి చివరి పుట్టకు అలివేలు పదకొండేళ్లు నీళ్లు చల్లి పసుపు రాసింది. పూలు కట్టేది, చుట్టూ ఊడ్చేది. అందుకు కమిటీవాళ్లు పక్కనే రేకుల గది ఇచ్చారు. ఆమెకు మరో నీడ లేదు.

తొంభై నాలుగులో కమిటీ పెద్ద దొరస్వామి భక్తితోనే పుట్టంతా తెల్లపలకలు పరిపించి, పైన రేకు వేయించాడు. ఎలుకలు దూరకుండా కన్నాల్లో సిమెంటు పోయించి, ముందున్న ఒక్క కన్నానికి ఇనుప జాలీ బిగించాడు. రోజూ మొక్కే మాకెవరికీ లోపల నిజంగా పాముంటుందని తట్టలేదు.

ఆ ఏడు మే నెల కత్తిరి ఎండల్లో ఒక మిట్టమధ్యాహ్నం జాలీ వెనక నాగుపాము తల కనిపించింది. స్వామి దర్శనమిచ్చాడని దొరస్వామి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జనం జాలీ ముందే పళ్లెం నిండా కర్పూరం వెలిగించారు.

అలివేలు చిన్నప్పుడు కాళహస్తి దగ్గర పశువులు కాసింది. మనకు పట్టినట్టు పాముకు చెమట పట్టదని, నేల ఎంత కాగితే దాని ఒళ్లూ అంత కాగుతుందని ఆమెకు తెలుసు. అందుకే అది ఎండలో లోతుకు దిగుతుంది, చలికాలం గట్టుమీద ఎండ కాచుకుంటుంది. ఇది కొంచెం నోరు తెరిచి, మూతి జాలీకి ఆనించి ఉంది.

కిందికి దోవ మూసుకుపోయింది, లోపల ఉడికిపోతోందని దొరస్వామితో చెప్పింది. ఆయన వినలేదు.

"పలక మీద చెయ్యేస్తే వేరే గది చూసుకో అలివేలూ."

ఆమె గోనెసంచి తడిపి, జాలీకి కూడా నీడ పడేలా పుట్టమీద కప్పింది. లారీ నీళ్లు ఆ రోజు రెండు బిందెలే దొరికాయి, రెండూ అయిపోయాయి. దర్శనం లేకుండా చేసిందని జనం సణిగారు. ఎదురింటి పుష్పవల్లి తన నీళ్ల బిందె తెచ్చి అక్కడ పెట్టి వెళ్లింది.

పలకలు పరిచిన పెరుమాళ్ పక్క వీధిలోనే అన్నం తింటున్నాడు. అలివేలు విషయం చెప్పగానే చేయి కడుక్కుని లేచాడు.

"నేను మూసిందే గదక్కా. నేనే తీస్తా."

వెనకవైపు అడుగున రెండు పలకలు పగలగొట్టి, ఉలితో సిమెంటు తొలిచాడు. మూరెడు లోతున తడిమన్ను తగిలింది. కాసేపటికి జాలీ దగ్గర తల లేదు.

దొరస్వామి వచ్చేసరికి అలివేలు పలకముక్కలు ఏరుతోంది.

"రేపు జనం ఏం చూస్తారు?" అన్నాడాయన.

"కనపడలేదంటే ఆడ సల్లగా ఉండాడని సామీ."

ఆయన పగిలినచోట చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత రేకుమీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు. ఆ రేకును కూడా విప్పమని పెరుమాళ్‌తో చెప్పాడు. గది ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె చీపురు తెచ్చి ఎప్పటిలాగే చుట్టూ ఊడ్చింది.