కార్డిఫ్ స్టేషన్‌లో కమలాపండు

క్రికెట్ చూసేటప్పుడు నా కళ్ళు ముందు బౌలర్ చేతి మీదికే పోతాయి. ఈ అలవాటు నాకు వేల్స్‌లోని కార్డిఫ్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో, స్టేషన్ వెయిటింగ్ రూములో అంటుకుంది.

రైలు లేటు. ఫోన్‌లో అమెరికా బేస్‌బాల్ చర్చ పెట్టుకున్నాను. పరుగులు తగ్గిపోతున్నాయట, బంతి విసిరేవాణ్ణి ఇంకాస్త వెనక్కి జరపాలా వద్దా అని వాదించుకుంటున్నారు.

పక్కన చేతికర్రతో కూర్చున్న ఆ ఊరి పెద్దావిడ అది విని, "నువ్వేమంటావ్ నాయనా?" అంది.

"జరపాల్సిందేనండీ. జనం వచ్చేది కొట్టుడు చూడ్డానికే కదా!"

ఆవిడ నవ్వింది. "ఈ ఊరి పార్కుల్లో ఆడవాళ్ళం బేస్‌బాల్ ఆడేవాళ్ళం. బంతి వేసేది నేనే. మా వేల్స్ ఆటలో అండర్‌ఆర్మే, చెయ్యి భుజం పైకెత్తకుండా కింది నుంచే వెయ్యాలి."

అండర్‌ఆర్మా! గుంటూరులో మా సందు క్రికెట్‌లో చంటిపిల్లలకి అలా వేసేవాళ్ళం. నాకు తెలీకుండానే చిన్న నవ్వొచ్చింది.

ఆవిడ సంచిలోంచి కమలాపండు తీసి, నన్ను అవతలి గోడ దగ్గర చేతులు చాపి నిలబడమంది. కర్రని కుర్చీకి ఆనించి లేచింది. చెయ్యి ఒక్కసారి వెనక్కి వెళ్ళి ముందుకొచ్చింది. అంతే. పండు గాల్లో ఉండగా నేను చూడనే లేదు. అరచేతుల్లో ఫట్‌మని పడి పగిలింది. రసం మోచేతుల దాకా కారింది. రూములో వాళ్ళంతా తలలెత్తి చూశారు.

ఆవిడ మళ్ళీ కర్ర అందుకుంది.

"ఇప్పుడు చెప్పు. నన్నెంత వెనక్కి జరపమంటావ్?"

నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. వీపుకి గోడ తగిలింది.